నేల ముట్టని కాయలు

"ఒక్క చెట్టు మామా. ఎక్కువ చెప్తే నా నోరు పడిపోను. ఒక్కటంటే ఒక్క రసాల చెట్టు. మూడు వందల కాయ. పొద్దుగాల ఎక్కిన, అంబలి పొద్దుకు దిగిన. ఒక్క కాయ నేల ముట్టలే. అంతే. ఇగ నువ్వు ఎట్లనుకుంటవో అనుకో."

కొమురెల్లి ఇంత తక్కువతో మొదలుపెట్టాడంటే కథ చాలా దూరం పోతుందని కొత్తవాడలో అందరికీ తెలుసు. లక్ష్మీనర్సయ్య అరుగు మీద కూచున్న నలుగురూ సర్దుకుని గోడకు వీపులానించారు. సారంగపాణి చుట్ట వెలిగించుకున్నాడు. పొద్దు వాలింది గాని అరుగు రాళ్ళలో వేడి ఇంకా పోలేదు.

లోపల గడప దగ్గర మొగిలమ్మ ఆ ఇంటివాళ్ళ మగ్గానికి కండెలు చుట్టుతోంది. "నేల ముట్టలే" అన్న మాటకు ఆమె చేతిలో రాట్నం ఆగింది. పోగు తెగింది. ముడి వేసి మళ్ళీ తిప్పింది.

కొమురెల్లి ఆమె కొడుకు. ఒక్కడే.

యుద్ధం నడుస్తున్న రోజులవి. నూలు కంట్రోల్‌లో పడింది. ఆ వాడలో జంఖానాలు నేసే మగ్గాలు పదింటికి రెండో మూడో ఆడుతున్నాయి. మిగతావి సాలీళ్ళకు ఆసరా అయ్యాయి. అందుకని మూడేళ్ళుగా ఎండాకాలం వచ్చిందంటే ఆ వాడ జనం సగం రైలెక్కి నెక్కొండ పోతారు. అక్కడ కిషన్ రావు దొర మామిడితోటలో నెలన్నర పని. తిండి అక్కడే, పడక అక్కడే. ఉగాది పోయిన వారానికి తోట మేస్త్రి కట్టయ్య వస్తాడు, ఈ అరుగు మీదే కూచుంటాడు, ఎవరు రావాలో ఎవరు వద్దో చెప్పి పోతాడు. ఆయన వద్దన్నవాళ్ళ పొయ్యిలు ఆ ఎండాకాలం ఎట్లా మండుతాయో ఎవరూ అడగరు.

ఈ పూట అరుగు మీద కూచున్న కట్టయ్యకు ఈ ఏడు ఒక కొత్త మనిషి కావాలి. కాయ దింపేవాళ్ళ మీద పెద్ద. ముసలి దింపుడు పెద్ద మంచాన పడ్డాడు. ఆ పని మీద కొమురెల్లి కన్ను పడింది. కట్టయ్య కథలంటే చెవి కోసుకుంటాడని కూడా వాడికి తెలుసు.

అరుగు కింది మెట్టు మీద పోశవ్వ కూచుంది. ఆమెకు అరవై దాటాయి. ముందు వెనక ఎవరూ లేరు. మగ్గం కూడా లేదు. అందరికంటే ముందు నుంచీ, ఎనిమిదేళ్ళుగా, ఆ తోటకు పోయింది ఆమే. కాయను వరిగడ్డిలో పరిచి మాగవెట్టే పని ఆమెది. కట్టయ్య వచ్చి కూచోగానే ఒక్కసారి అడిగింది, "తమ్మీ, ఈ ఏడన్న రానిస్తవా?" అని. కట్టయ్య, "చూద్దాం పోశక్కా" అన్నాడు. ఆ చూద్దాం అన్న మాట పట్టుకుని అప్పటినుంచీ ఆ మెట్టు దిగలేదు.

"మూడు వందలా?" అన్నాడు సారంగపాణి. "నిరుడు దసరాకు చెప్పినప్పుడు రెండు వందలంటివి గదరా?"

"రెండు వందలు ఎడమచేతివి బావా. కుడిచెయ్యి లెక్క అప్పుడు చెప్పలే. నువ్వు నడుమల లేచిపోతివి."

అందరూ నవ్వారు. కొమురెల్లి ఒక అడుగు ముందుకు జరిగాడు. ఆ నవ్వు వాడికి ఈదర గాలి లాంటిది, సోకిందంటే ఆగడు.

"అసలు సంగతి అది కాదు మామా. నేను కండ్లు తెరిచి దింపలే. కండ్లు తెరిచి దింపుడు ఏం గొప్ప, అందరు దింపుతరు. మా అవ్వ పాతచీర కొంగు చింపి కండ్లకు గంత గట్టుకున్న. చేతుల కర్రకు కట్టిన వల చిక్కం. ఇగ ముక్కుతోటి పోయిన. తొడిమ కాడ ఒక్కసారి వాసన చూస్త, ఇది ఇయ్యాల్టి కాయ, ఇది ఎల్లుండి కాయ, దీని మీద జర పుల్ల రేగు వాసన వస్తాంది, ఇది పక్కచెట్టుతోటి మాటలు కలిపిన కాయ, అని అన్నీ తెలుస్తయి. తొడిమను చిక్కం అంచుకు తగిలించి ఇట్ల చిన్నగ మెలేస్తే పసిపిల్ల ఒళ్ళకు వచ్చినట్టు వచ్చి చిక్కంల కూసుంటది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు" అన్నాడు కట్టయ్య.

"మీదికెల్లి కిచకిచమని సప్పుడు. గంత జరంత ఎత్తి చూద్దును గదా, చెట్టు నిండ కోతులు. నూటెన్మిది. అవి కాయల కోసం రాలే మామా. అట్లనుకునేవు. ఒక్కటి గూడ కాయను ముట్టలే. చేతులు కట్టుకొని కూసున్నయి. పని నేర్చుకుందామని వచ్చినయి! వాటిల ముసలికోతి ముంగటికి వచ్చి నాకు సలాం జేసింది. ఇగ నేనేం జేత్తు? కాదంటే పాపం. చిక్కాలు చాలకపోతే గంపల తాళ్ళు విప్పి చిన్న చిన్న చిక్కాలు అల్లిచ్చిన. ఒక్కొక్క కొమ్మకు ఒక్కొక్క కోతి. పొద్దుమూకే వరకు పదారు చెట్లు దింపినయి. ఒక్క కాయ నేల ముట్టలే!"

"వాటికి అంబలి ఎవరు పోసిన్రురా?" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"పొయ్యబోయిన పెదనాయినా. వద్దన్నయి. ఇయ్యాల శనివారం, ఒక్కపొద్దు అన్నయి."

కట్టయ్య తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మెట్టు మీద పోశవ్వ కూడా నవ్వింది.

మొగిలమ్మ నవ్వలేదు. ఒకప్పుడు నవ్వేది. అయిదేళ్ళ వయసులో కొమురెల్లి మగ్గం గుంటలోకి పులి వచ్చిందని, దాన్ని ఆసు కర్రతో కొట్టి తరిమానని చెప్పాడు. ఆమె వాడకట్టు ఆడవాళ్ళందరినీ పిలిచి మళ్ళీ చెప్పించుకుంది. మర్నాటికి పులులు రెండయ్యాయి. వాడి తండ్రి బతికున్నప్పుడు, ఎందుకే వాన్ని అట్లా ఎగదోస్తవు, అనేవాడు. పిల్లగాని మాటలే గదా అనేది ఆమె.

ఇరవై అయిదేళ్ళొచ్చాయి వాడికిప్పుడు.

"ఇగ అసలు కత ఇప్పుడు మొదలైతాంది," అన్నాడు కొమురెల్లి. అప్పటికి అరుగు ముందు దారినపోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. "నెక్కొండ మీదికెల్లి మబ్బు లేచింది. మబ్బంటే మబ్బు కాదు, ఎనుములమంద లేచినట్టు లేచింది. ఇగ గాలి! ఆ గాలికి టేషన్ల గంట దానంతట అదే కొట్టుకున్నది. బండి వచ్చిందనుకొని మాష్టరు టోపి వెట్టుకొని ఉరికొచ్చిండు. మాష్టరు దొరికిండు గని టోపి ఇప్పటిదాక దొరకలే. తోటల అందరు గంపలు ఇడిసిపెట్టి కొట్టంలకు ఉరికిన్రు. మా మేస్త్రి మామ గూడ ఉరికిండు, అబద్ధమైతే ఆయన్నే అడుగుండ్రి."

"ఉరికిన," ఒప్పుకున్నాడు కట్టయ్య. ఆ గాలి మాత్రం నిజం.

ఆ గాలి నిజమని మొగిలమ్మకు కట్టయ్య చెప్పనక్కరలేదు.

ఆ పొద్దు చివరి చెట్టు మీద ఉన్నది కొమురెల్లి ఒక్కడే. కింద గంప పట్టుకుని తను. మబ్బు నల్లగా దిగుతోంది. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. చిక్కంతో ఒక్కొక్క కాయ అందుకోవాలంటే ఇంకా గంట పని. వాడు చిక్కం కింద పారేశాడు. రెండు చేతులతో పై కొమ్మ పట్టుకుని, కింది కొమ్మ మీద రెండు కాళ్ళతో నిలబడి ఊపాడు. కాయలు దబదబ రాలాయి. ఒకటి ఆమె భుజం మీద పడింది. నొప్పి వారం దాకా ఉంది.

మామిడితోటలో అందరికీ మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది. దింపిన కాయ వేరు, రాలిన కాయ వేరు. దింపినది గడ్డిలోకి పోవాలి. రాలినది ఒరుగులకు, తొక్కుకు పోవాలి. రెండూ ఒక్క గంపలో పడకూడదు. రాలిన కాయకు లోపల దెబ్బ తగులుతుంది. ఆ పూట చూస్తే ఏమీ తెలియదు, మంచి కాయలాగే పచ్చగా గట్టిగా ఉంటుంది. గడ్డి వేడికి మూడోనాడు ఆ దెబ్బ నల్లబడుతుంది, నాలుగోనాడు నీరు కారుతుంది, ఆ నీరు తగిలిన ప్రతి కాయా చెడుతుంది.

కొమురెల్లి చెట్టు దిగి అన్నాడు, "అవ్వా, కలిపెయ్యి. గంత మబ్బుల ఎవరు చూస్తరు."

ఆమె కలిపింది. ఒక్కొక్క కాయ ఏరి, మట్టి కొంగుతో తుడిచి, గంపలో అడుగున పేర్చింది. పైన చిక్కం కాయ పరిచింది. రెండు గంపలు. కొట్టం ముందు పోశవ్వ ఎదురొచ్చి గంప దించుకుంది. "తడిసినవు గదనే మొగిలీ, పో, తల తుడుసుకో" అంది.

"నేను ఉరుకలే," అంటున్నాడు కొమురెల్లి. "నేనెవన్ని? సాలోన్ని. ముడి ఏసుడు నాకు పుట్టుకతోటి వచ్చిన ఇద్య. ఒక్కొక్క కాయను ఒక్కొక్క పోగుతోటి కొమ్మకు కట్టిన. సాలె ముడి. మనం విప్పితేనే ఇడుతది, యముడు గుంజినా ఇడువది."

"నూలు ఏడిదిరా నీకు?" సారంగపాణి చుట్ట నోట్లోంచి తీశాడు. "కంట్రోల్ నూలు దొరక్క మేం మగ్గాలు మూలకు వెడితిమి, నీకు చెట్లకు కట్ట నూలు దొరికిందా?"

"నా ధోతి పోగులు గుంజిన బావా."

"అయితే చెట్టు మీద నువ్వు..."

"మబ్బు కమ్మింది గదా, ఎవనికి కనబడుత? ఒక్క ముసలికోతి చూసింది. అది గూడ మర్యాద తెలిసింది, మొకం అటు తిప్పుకున్నది."

అరుగు కదిలిపోయేట్టు నవ్వారు. లక్ష్మీనర్సయ్యకు పొలమారింది. లోపలి నుంచి ఆయన కోడలు శారద నీళ్ళచెంబు పట్టుకొచ్చి, తనూ అక్కడే నిలబడి వింది.

"కట్టుడు అయింది. పదివేల కాయ. ఇగ వచ్చింది సూడుండ్రి గాలి! చెట్టు కదిలింది. ఊగింది. ఏర్లతోటి లేచింది! గిర్రగిర్ర తిరుక్కుంట పైకి పోయి ఉత్తరం మొకాన పోయింది. పరకాల అంగడిల దిగిందట. ఇప్పటికి అక్కడోళ్ళు దాని నీడకు కూసొని ఎడ్లు అమ్ముకుంటాన్రు, కావాలంటే పోయి చూడుండ్రి."

"మరి కాయలురా?"

"కాయలెట్ల పోతయి? కట్టింది నేను. చెట్టు పోయింది, కాయలు ఎక్కడియక్కడ గాలిల ఆగినయి."

"కొమ్మకు కట్టినవు గదరా! కొమ్మ పోయినంక దేనికి ఆగినయి?"

"కొమ్మ పోయింది బావా. ముడి పోలే."

కట్టయ్య తొడ మీద చరుచుకున్నాడు. దారిన ఆగినవాళ్ళు అయిదుగురయ్యారు. కొమురెల్లి ముఖం వెలుగుతోంది. చెమట పట్టి ఆ ముఖం ఎంత అందంగా ఉందో మొగిలమ్మ చూసింది. వాడి తండ్రి ముఖమే. చూడలేక తల దించుకుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అయి ఆడ్నే పండినయి. గాలిల. కింద మనుషులు నడుస్తాన్రు, మీద పండ్లు ఏలాడుతానయి. ఆ వాసన పోయి పోయి టేషన్ దాక పోయింది. బెజవాడ పోయే బండి వచ్చి నిలబడ్డది. నిలబడ్డది, ఇగ కదులది! డ్రైవరు బొగ్గు ఏస్తాండు, ఏస్తాండు. చక్రం ఒక్క చుట్టు తిరుగది. గార్డు పచ్చజెండ ఊపి ఊపి రెక్క గుంజి, ఆఖరుకు ఎడమచేతితోటి ఊపిండు. ఇంజను ముక్కు ఎగవీల్చుకుంట తోట దిక్కే చూస్తాంది. అప్పుడు మాష్టరు, అదే, టోపి లేని మాష్టరు, ఉరికొచ్చి నా కాళ్ళ మీద పడ్డడు. కొమురెల్లీ, నా కొలువు పోతది, బండిని కాపాడు అన్నడు. నేను ఒక్క పండు తీస్కపోయిన. ఒక్కటే. తీస్కపోయి ఇంజను పొయ్యిల ఏసిన. గర్రుమని తేన్చింది మామా! తేన్చి, కదిలింది. బెజవాడ దాక మల్ల బొగ్గు అడుగలే!"

కట్టయ్య కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వి నవ్వి ఆయన గొంతు పట్టేసింది. "కొమురెల్లీ, నువ్వొక్కనివి ఉంటే చాలురా తోటల. కూలోళ్ళకు ఎండ తెల్వది." ఇంకా నవ్వుతూనే అడిగాడు, "గంత మంచిగ దింపితివి. ఒక్క కాయ నేల ముట్టలే అంటివి. మరి నిరుడు కొట్టంల కాయ గట్లెందుకు కుళ్ళిందిరా?"

మొగిలమ్మ రాట్నం ఆగింది.

కొమురెల్లి గడప వైపు చూశాడు. రెప్పపాటు. ఆ చూపులో వాడికి అయిదేళ్ళే. వెంటనే మెట్టు మీది పోశవ్వ వైపు తిరిగాడు.

"మా పెద్దమ్మను మాత్రం ఏమనకుండ్రి," అన్నాడు. "పాపం, ఎంత కష్టపడ్డది! కండ్లు ఆనవు గదా. చేతికి గుండ్రగ, మెత్తగ ఏది తగిలితే దాన్ని గడ్డిల పరిచింది. వాన పడ్డది గదా మామా, కొట్టం నిండ కప్పలు జేరినయి. ఇగ కాయ, కప్ప, కాయ, కప్ప. వరుస తప్పలే. నాలుగోనాడు గడ్డి తీసి చూస్తే ఏమున్నది? కాయలు కుళ్ళినయి గని, కప్పలు మాత్రం! బంగారమోలె పచ్చగ మాగినయి! మా పెద్దమ్మ ఒకదాన్ని చేతులకు తీస్కొని, అరెరె కొమురెల్లీ, దీని తొడిమ ఏడున్నదిరా అని నన్నే అడిగింది!"

అంతకు ముందు నవ్విన నవ్వులన్నీ ఒక ఎత్తు, ఈ నవ్వు ఒక ఎత్తు. సారంగపాణి చుట్ట కింద పడింది. శారద చెంబు పట్టుకుని గోడకు ఒరిగిపోయింది. పోశవ్వ కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తలవంచుకుని, అందరూ ఆపేదాకా నవ్వుతూనే ఉంది. ఆపితే ఎవరైనా తన ముఖం చూస్తారని భయమేమో.

మొగిలమ్మకు ఒళ్ళంతా వేడెక్కింది. నిరుడు కాయ కుళ్ళిన రోజు కట్టయ్య కొట్టం ముందు అందరినీ నిలబెట్టి అడిగాడు. రాలిన కాయ ఎవరన్న కలిపిన్రా, చెప్పుండ్రి, అని. తను ముందు వరసలోనే ఉంది. పక్కన కొడుకు. ఇంకా నెల పని ఉంది. ఇంట్లో గింజ లేదు. నోరు తెరవలేదు. ఎవరూ ఒప్పుకోకపోతే తప్పు పరిచినవాళ్ళదే. ముసలిదానికి చూపు పోయింది, దెబ్బకాయ చూసి ఏరలేకపోయింది, అన్నాడు కట్టయ్య. పోశవ్వ తన మూట కట్టుకుని ఆ మధ్యాహ్నమే ఎండలో స్టేషన్‌కు నడిచింది. మొగిలమ్మ దారి దాకా వెళ్ళి, ఒక గుప్పెడు అటుకులు ఆమె కొంగులో పోసింది. పోశవ్వ ఆమె గడ్డం పట్టుకుని, నువ్వు సల్లగుండు అంది.

ఆ దీవెన ఏడాదిగా తింటోంది ఆమెను.

"ఇగ చెప్పేదేమున్నది పోశక్కా," అన్నాడు కట్టయ్య. ఆయన నవ్వు ఆగింది గాని ముఖంలో ఇంకా ఉంది. "అది కండ్ల పని. నిరుడు దొరతోటి నేను పడ్డ మాటలు నాకు తెలుసు. ఈ ఏడు రాజక్కను పెట్టుకుంట. నువ్వు ఇంటికాడ కూసో. కొమురెల్లీ, సోమవారం పొద్దుటి బండికి పదిమందిని తోల్కొని రా. దింపుడు పెద్దవు నువ్వే."

కొమురెల్లి చేతులు జోడించాడు. సారంగపాణి వాడి వీపు చరిచాడు.

"సరే తమ్మీ," అంది పోశవ్వ. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. మెట్టు దిగబోతూ, గోడ తడిమింది.

"రాలినయి," అంది మొగిలమ్మ.

ఎవరికీ వినబడలేదు. ఆమె లేచి గడప దాటి అరుగు మీదికి వచ్చింది. మగవాళ్ళ మధ్యకు ఆమె ఎన్నడూ అట్లా రాలేదు. ఒళ్ళోని కండెలు జారి దొర్లాయి.

"రాలినయి కట్టన్నా. నా కొడుకు చెట్టు ఊపిండు. నేను ఏరిన. రెండు గంపలు."

కొమురెల్లి గట్టిగా నవ్వాడు. "అగో! చూసిన్రా? ఈ కోతలు నాకు ఏడికెల్లి వచ్చినయో ఇన్నొద్దులు ఎవ్వనికి తెల్వదు. మా అవ్వ కడుపులకెల్లే వచ్చినయి! చెప్పవ్వా, చెప్పు, రెండు గంపలేంది, రెండు బండ్లని చెప్పు!"

నవ్వు మళ్ళీ లేచింది. నలుగురూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. కట్టయ్య కూడా, "నువ్వు గూడ మొదలువెడితివా చెల్లె" అన్నాడు.

ఆమె ఆ నవ్వు ఆగేదాకా నిలబడింది.

"కుళ్ళు కొట్టంల తూర్పుగోడ మూలకెల్లి లేచింది," అంది. "అవునా, కాదా?"

కట్టయ్య ఆమె వైపు తిరిగాడు. "అవును."

"ఆ పూట ఆ మూలకు వచ్చినయి నా గంపలే. గాలికి అందరు ఉరికిన్రు. ఆఖరుకు వచ్చింది నేను. పైన చిక్కం కాయ పరిచిన. కింద రాలినయి పెట్టిన. తుడిచి పెట్టిన."

ఆమె ఒక్క అడుగు కట్టయ్య వైపు జరిగింది.

"రాలిన కాయ ఆ పూట తెలుస్తదా అన్నా? నీ కండ్లకు తెలుస్తదా?"

"తెల్వది," అన్నాడు కట్టయ్య. "ఎవ్వనికి తెల్వది." తుండుగుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు. మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను అడిగిన గద చెల్లె ఆ రోజు."

"అడిగినవు. నీ ముంగట్నే నిలబడ్డ."

"అవ్వా, ఊకో," అన్నాడు కొమురెల్లి. మెల్లగా అన్నాడు. ఆ సాయంత్రమంతా వాడు అన్న మాటల్లో అదే చిన్నది.

"ఊకున్న కొడుకా. ఏడాది ఊకున్న."

సారంగపాణి కింద పడ్డ చుట్ట కోసం వెతుకుతున్నట్టు వంగాడు. దారిన నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. శారద లోపలికి పోయింది. కొమురెల్లి నోరు తెరిచాడు. ఏదో ఒకటి వస్తుందని అందరికంటే వాడే ఎక్కువ ఎదురుచూశాడు. రాలేదు. అరుగు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఇంటివైపు కాక అవతలి సందులోకి నడిచిపోయాడు. వాడి మెడ వెనక ఎర్రగా కమిలి ఉంది. పిలవాలనుకుంది ఆమె. పిలవలేదు.

కట్టయ్య లేచాడు.

"సోమవారం నువ్వు రాకు చెల్లె. వాన్ని గూడ పంపకు."

మొగిలమ్మ తల ఊపింది. అది ఆమెకు ముందే తెలుసు. గడప దాటేటప్పుడే తెలుసు. ఈ ఎండాకాలం ఏం తింటారో ఇంకా ఆలోచించలేదు.

"పోశక్కా," అన్నాడు కట్టయ్య మెట్టు వైపు చూడకుండా, "నువ్వు రా. బండికి నేనే వచ్చి తోల్కపోత."

పోశవ్వ వెనక్కి తిరిగి మెట్లెక్కి, మొగిలమ్మ ముందుకు వచ్చి నిలబడింది. తిడుతుందని మొగిలమ్మ అనుకుంది. చెంప మీద కొట్టినా బాగుండుననుకుంది. నిజం తెలిసి కూడా పోశవ్వ మర్యాదకు నోరు మూసుకున్నదని, ఏడాదిగా లోపల్లోపల తన పేరు పెట్టి శాపం పెడుతూ ఉండి ఉంటుందని, అది తనకు న్యాయమేనని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది.

పోశవ్వ కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు విప్పి, తన ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

"రోజు పొద్దుగాల లేవంగనే ఇట్ల వెట్టుకొని లెక్కవెట్టుకుంట మొగిలీ," అంది. "ఐదే కనబడుతయి. గోర్లు గూడ కనబడుతయి. అయినా ఇదేందో నా బ్రమ అనుకుంట. చీమను చూస్తె, చీమ ఉన్నదా, నాకు ఉన్నట్టు కొడుతాందా అనుకుంట. కట్టయ్య తమ్ముడు అబద్ధమెందుకు చెప్తడు, నాకే పోయినయి, పోయినోళ్ళకు పోయినట్టు తెల్వదేమో అనుకున్న. ఏడాది సంది సూదిల దారం ఎక్కిస్తలేను, ఎక్కదేమోనని భయమయి."

ఆమె గొంతులో కోపం లేదు. చెయ్యి దించింది. దగ్గరికి జరిగి, దవాఖానలో డాక్టరును అడిగినట్టు, భయంభయంగా అడిగింది.

"అయితే, నా కండ్లు మంచిగనే ఉన్నయంటవా?"

మొగిలమ్మ ఆ కళ్ళలోకి చూసి అవునని చెప్పాలి. చూడలేకపోయింది.